కుంటెద్దుకు నీళ్లు

నా భార్య ఎడమ కిడ్నీ రాళ్ల వల్ల చిన్న వయసులోనే పాడైంది. కుడిది బాగుండేది కాబట్టి మేం పట్టించుకోలేదు. నాలుగేళ్ల కిందట ఆ కుడిదానిలో గడ్డ లేచింది. కర్నూలులో ఆ కిడ్నీనే తీసేశారు.

డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. "బాగున్నది ఉన్నన్నాళ్లూ ఈ ఎడమది పని దానికే వదిలేసింది. ఇప్పుడు తప్పదు కాబట్టి పెరుగుతుంది, చేతనైనంత చేస్తుంది. నీళ్లు మాత్రం బాగా తాగాలమ్మా. మళ్లీ రాయి పుట్టకూడదు."

ఇంటికొచ్చాక మా అత్త ఇంకో మాట చెప్పింది. "ఉండేది ఒకటే, అదీ కుంటిది. కుంటెద్దు మీద ఎవరన్నా బరువు పెడ్తారామ్మే? నీళ్లు శానా తాగొద్దు. దాన్ని రవ్వంత కుదురుగా ఉండనీ."

ఇంటినిండా పుస్తకాలున్నవాణ్ని. కిడ్నీ ఎద్దు కాదని నాకు తెలుసు. కన్నతల్లి బాధ కదా అని ఊరకున్నాను.

నా భార్యకు ఆ మాట వీలుగా దొరికింది. ఆమె డోన్ దగ్గర ఒక పల్లె బడిలో టీచరు. అక్కడి మరుగుదొడ్డికి ఎప్పుడూ తాళమే. తాగితే సాయంత్రం దాకా బిగబట్టుకోవాలి. పొద్దున నేను నింపి ఇచ్చిన సీసా సాయంత్రం ముప్పాతిక వంతు మిగిలి వచ్చేది. నీళ్లు పారబోయడం మా వైపు పాపం. పెరట్లో కరివేపాకు మొక్కకు పోసేవాణ్ని.

ఆరు నెలలకు స్కానింగులో ఎడమది నిజంగానే పెరిగి కనిపించింది. రక్తపరీక్ష కూడా మెరుగైంది.

"చూస్తిరా, మీద పడితే అదే చేస్తాండాది. నేను పోతే మీరూ వంట నేర్చుకుంటారులే," అంది బస్సులో. నేను నవ్వాను.

రెండేళ్లు లాక్కొచ్చింది. మూడో ఏడు మార్చి ఎండల్లో రాయి పుట్టి, మూత్రానికి ఉన్న ఒక్క దారికీ అడ్డం పడింది. నడుమునొప్పి బస్సు కుదుపులదనుకున్నాం. ఆసుపత్రికి చేరేసరికి విషం రక్తంలోకి ఎక్కింది. నాలుగో రోజు పోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లు, "శానా పోరాడిందప్పా," అన్నారు.

"కుంటిది పాపం, యాడ తట్టుకుంటాది," అంది మా అత్త.

ఆ కిడ్నీ తట్టుకుంది. అది చేస్తుందని డాక్టరు చెప్పినదంతా చేసింది. నీళ్లివ్వనిది మేము. ఈ మాట అప్పుడూ అనలేదు.

కరివేపాకు ఇప్పుడు గోడ దాటింది. అత్త వచ్చినప్పుడల్లా రెబ్బలు తుంచుకుపోతుంది. వంట నేనే చేసుకుంటున్నాను. తిరగవాతలో కరివేపాకు వేయను.