ఆంటీ ఫోన్ అన్‌లాక్ చేయించుకున్న వైనం

ఆంటీ మాకు చుట్టం కాదు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేముంటున్న కాండో అపార్ట్‌మెంట్‌ని ఆనుకుని ఉన్న ఇల్లు ఆవిడది. బాపట్ల దగ్గర పుట్టి పెరిగారు. అమెరికా వచ్చి ఇక్కడ హాస్పిటల్‌లో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. అంకుల్ పోయాక ఒంటరిగానే ఉంటున్నారు. కూతురు టెక్సస్‌లో ఉంటుంది. ఆదివారం తెలుగు చర్చికి తనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్తారు. మంచు పడితే మాత్రం మా ఆయన్ని పిలుస్తారు.

ఆవిడకి వినికిడి బాగా తగ్గింది. రెండు చెవులకీ మిషన్లు. అవి ఆవిడ ఫోన్‌కి కలిపి ఉంటాయి కాబట్టి ఎవరైనా ఫోన్ చేస్తే మాట నేరుగా చెవుల్లోకే వస్తుంది. "ఎదురుగా కూచున్నవాళ్లకన్నా దూరంగా ఉన్నవాళ్లే నాకు బాగా వినపడతారు" అని నవ్వేవారు.

కిందటిసారి ఇండియా వెళ్లినప్పుడు ఆ సుఖం లేకుండా పోయింది. అక్కడి సిమ్ వేస్తే ఫోన్ పట్టలేదు. అది ఇక్కడి ఫోన్ కంపెనీ కాంట్రాక్ట్ మీద కొన్నది, వాళ్ల సిమ్ తప్ప ఇంకోటి తీసుకోకుండా లాక్ చేసి ఉంది. ఉన్నన్నాళ్లూ వాళ్ల అక్కగారి అబ్బాయి ఫోన్ మీదే ఆధారపడ్డారు. అందులో మాట అర్థమయ్యేది కాదు. కూతురు ఫోన్ చేస్తే అతనే విని చెప్పేవాడు.

"అది గంటసేపు మాట్లాడేది. వీడేమో 'బానే ఉందంట పిన్నీ' అని ఊరుకునేవాడు. గంటలో అదొక్క ముక్కేనా చెప్పింది?"

ఈసారి అక్కగారికి మోకాలి ఆపరేషన్. కొన్ని నెలలు ఉండి చూసుకోవాలి. కాంట్రాక్ట్ కూడా అయిపోయింది కదా, లాక్ తీయించుకోవచ్చా అని నన్నడిగారు. తీయించుకోవచ్చు, అడిగితే వాళ్లే తీస్తారు అన్నాను.

ఒక మధ్యాహ్నం ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూచున్నాం. కంపెనీకి చేయడానికి నా ఫోన్ తీసి, "మీ డేట్ ఆఫ్ బర్త్, అకౌంట్ పిన్ చెప్పండి ఆంటీ, చాలు. మీరు మాట్లాడే పనే లేదు" అన్నాను.

"మరి నువ్వెవరని అడిగితే?"

"మీరేనని చెప్తాను."

ఆవిడ టీ కప్పు కింద పెట్టారు. "నువ్వు నేనెలా అవుతావే?"

"అందరూ ఇలాగే చేస్తారాంటీ. మా ఆయన పేరు మీదున్న కరెంటు బిల్లుకి కూడా ఇంతే."

"వద్దమ్మాయ్. నువ్వు నువ్వని చెప్పు. నేను ఇక్కడే ఉన్నానని చెప్పు."

అలాగే చేశాను. స్పీకర్ పెట్టి, నేను పక్కింటిదాన్ని, అకౌంట్ ఆవిడది, ఆవిడకి సరిగ్గా వినపడదు అని చెప్పాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది గానీ అకౌంట్ ఎవరిదో వాళ్లే జవాబులు చెప్పాలంది. ప్రశ్న మీద ప్రశ్న గబగబా అడిగేస్తోంది. స్పీకర్‌లోంచి వచ్చే మాట ఆంటీకి అందడం లేదు. "పార్డన్? పార్డన్?" అంటూ ముందుకి వంగుతున్నారు. మధ్యలో నేను అందించబోతే మీరు చెప్పకూడదు మేడమ్ అంది. చివరికి, వెరిఫై చేయలేకపోతున్నాను, స్టోర్‌కి వెళ్లండి అని పెట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. "చూశారా? మొదట్లోనే నేనే మీరని చెప్పేసుంటే ఈపాటికి అయిపోయేది."

ఆంటీ ముఖంలో కోపం లేదు. "వార్డులో మాత్ర ఇచ్చే ముందు ప్రతిసారీ పేరు అడిగేదాన్ని. రోజూ చూసే పేషెంటైనా సరే. విసుక్కునేవాళ్లు, తిట్టేవాళ్లు కూడా. అయినా అడిగేదాన్ని. పక్క మంచం ఆవిడ 'నేనే' అంటే ఇచ్చేస్తానా? ఆ పిల్ల పని ఆ పిల్ల చేసింది. నాకు వినపడకపోవడం దాని తప్పా?"

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని తన ఫోన్ అందుకున్నారు. "నాది నేనే చేస్తానుండు. ఇందులో అయితే చెవుల్లోకే వస్తుందిగా."

ఆ తర్వాత నాకు ఒకవైపు మాటే వినపడింది. ఆంటీ చాలాసేపు లైన్లో ఎదురుచూశారు. ఎవరో ఎత్తగానే ముందు ఆ మనిషి పేరు అడిగారు. తర్వాత తన ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడమరిచి, "బాబూ, నాకు వినికిడి తక్కువ. నువ్వు మెల్లగా మాట్లాడు. నేను మళ్లీ మళ్లీ అడుగుతాను, ఏమీ అనుకోకు" అన్నారు.

ఆ ఒక్క మాటతో అవతలివాడు మెత్తబడినట్టున్నాడు. ఆంటీ తలూపుతూ జవాబులు చెప్తున్నారు. మెసేజ్‌లో కోడ్ వస్తుందన్నాడు కాబోలు, "కంగారు పెట్టకు, వెతుక్కోనీ" అన్నారు. నా చెయ్యి అప్రయత్నంగా ఫోన్ వైపు వెళ్లింది. ఆవిడ చూడనట్టే ఫోన్ తన వైపు తిప్పుకుని, తనే వెతుక్కుని చదివారు.

ఆఖర్న ఫోన్ తాలూకు పొడుగాటి నంబర్ అడిగాడు. ఆంటీ అంకెల్ని మూడేసి చొప్పున చదివి ఊరుకోలేదు. "ఇప్పుడు నువ్వు నాకు చదివి వినిపించు" అన్నారు. వింటూ వింటూ ఒకచోట వేలెత్తారు. "కాదు నాయనా, అక్కడ ఎనిమిది."

ఇంగ్లీషులో చిన్న తప్పు దొర్లుతుందేమోనని పిల్లల స్కూల్ మీటింగ్‌లో నోరు మూసుకుని కూచునే నేను, ఆవిడ్ని అలా చూస్తూ ఉండిపోయాను. వినపడదని దాచలేదు, దానికి సిగ్గుపడలేదు, తన వేగానికి అవతలి మనిషినే తెచ్చుకున్నారు. పెట్టేసే ముందు అతన్ని పేరు పెట్టి పిలిచి, "నువ్వు చాలా ఓపికగల పిల్లాడివి" అన్నారు. అతనేమన్నాడో గానీ ఆంటీ పెద్దగా నవ్వారు.

ఒకట్రెండు రోజులకి, మంచులో చెప్పులేసుకునే వచ్చి మా తలుపు కొట్టారు. లాక్ తీసేశామని మెసేజ్. "నిజంగా తీశారో లేదో చూడాలిగా. మీది వేరే కంపెనీ కదా, నీ సిమ్ ఇలా ఇవ్వు."

సిమ్ ట్రే తీసే పిన్ను మా ఇంట్లో దొరికితేగా. ఆవిడే చెవి దిద్దు తీసి ఇచ్చారు. నా సిమ్ అందులో వేసి, మా ఆయన ఫోన్ నుంచి నా నంబర్‌కి చేశాను. ఆంటీ ఫోన్ మోగింది. ఎదురుగా నిలబడే, "హలో, ఎవరండీ మాట్లాడేది?" అన్నారు గంభీరంగా. ఇద్దరం పగలబడి నవ్వాం.

ఆ వారంలోనే ప్రయాణమయ్యారు. వెళ్లాక కొన్నాళ్లు కబురు లేదు. అక్కగారి ఆపరేషన్ హడావిడిలో ఉండి ఉంటారనుకున్నాను. ఒకరోజు ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే ఇండియా నంబర్ నుంచి కాల్.

"ఆపరేషన్ బాగా జరిగిందమ్మాయ్. అక్క అప్పుడే నడుస్తోంది, నా మీద పెత్తనం కూడా మొదలెట్టింది. ఇదిగో, ఇప్పుడే మా అమ్మాయితో మాట్లాడి పెట్టాను. అది కొత్త ఉద్యోగంలో చేరిందట. వాళ్ల బాస్ ఎలాంటివాడో, నిన్న మధ్యాహ్నం ఏం తిందో, అన్నీ చెప్పింది."

వెనకాల ఎవరో కూరలబ్బాయి అరుస్తున్నాడు. ఆంటీ ఫోన్ పక్కకి పెట్టకుండానే అతనితో బేరం మొదలుపెట్టారు. వంకాయలు లేతవేనా అని అడిగి, అతను చెప్పిందంతా విని, కాదు ముదిరాయని తేల్చారు. నేను హైవే మీద దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయి కూడా వింటూనే ఉన్నాను.