గూడు అల్లింది నాన్నపిట్ట

ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పట్నంలో నలభై దాకా ఎత్తయిన భవనాలు ఆయన చేతి కింద ఉన్నాయి. తలుపు మూసుకోకపోయినా, మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఎవరైనా ఇరుక్కుపోయినా ఫోను ఆయనకే వస్తుంది. లోపల ఇరుక్కున్నవాళ్ళతో ముందు మాటలు కలుపుతాడు. "భయం లేదండీ, తాడు తెగదు. మీకు పిల్లలెంతమంది?" అంటాడు. వాళ్ళు పిల్లల సంగతి చెప్పడం పూర్తయ్యేలోగా పైన మోటారు గదిలో చక్రం తిప్పి లిఫ్టును అంతస్తు దగ్గరికి దించేస్తాడు. భార్య పిల్లల ఆసుపత్రిలో నర్సు. ఆవిడ జ్వరాలు దింపుతుంది, ఆయన మనుషుల్ని దింపుతాడు అని వీధిలో ఓ హాస్యం.

వాళ్ళకి ఏడేళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ బుడ్డోడు. రోజూ సాయంత్రం అన్నాలయ్యాక వాళ్ళమ్మ మంచం మీద గోడకి ఆనుకుని పుస్తకం తీసేది, పిల్లలిద్దరూ చెరోపక్కా చేరేవాళ్ళు. ఆ సమయంలో ఆయన గిన్నెలు కడిగేవాడు. ఆ పని తనంతట తానే ఒప్పుకున్నాడు. ఎందుకో భార్యకి తెలుసు, పిల్లలకి తెలియదు.

మూడో తరగతిలో ఉండగా మాస్టారు ఆయన్ని నిలబెట్టి పాఠం పైకి చదవమన్నారు. ఒక వరుసలో మొదలుపెట్టి, కళ్ళు జారి, కింది వరుసలో తేలాడు. పై వరుసలోని కప్ప వెళ్ళి కింది వరుసలోని పెళ్ళిపీటల మీద కూర్చుంది. తరగతి గొల్లుమంది. ఆ తర్వాత బడి మానేదాకా ముందు బెంచీలో లావుపాటి పిల్లాడి వీపు వెనకే దాక్కున్నాడు. కరెంటు తీగల పటం ఇస్తే చిటికెలో అర్థం చేసుకుంటాడు. ఒత్తుగా అక్షరాలు పేర్చిన పేజీ ఇస్తే మాత్రం ఏ వరుసలో ఉన్నాడో తెలియదు.

ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు ఆసుపత్రిలో డ్యూటీలు మార్చారు. ఆవిడకి మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా పని, ఆదివారాలు కూడా. సెలవు బుధవారం. వంట ఆయనకి కొత్త కాదు, జడ వేయడం రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. మూడో రోజు అమ్మాయి పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టింది.

ఆయన బొమ్మలు చూస్తూ సొంతంగా కథ అల్లడం మొదలుపెట్టాడు.

"నాన్నా, అక్కడ అలా లేదు," అంది అమ్మాయి.

"మరెలా ఉంది?"

"రాసుంది కదా. చూసి చెప్పు."

ఇక తప్పలేదు. చొక్కా జేబులోంచి ఆరంగుళాల స్టీలు స్కేలు తీసి వరుస కింద పెట్టాడు. ఒక్కో మాటా తడుముకుంటూ, ఒక్కో వరుసా దిగుతూ చదివాడు. రెండు పేజీలయ్యేసరికి బుడ్డోడు నిద్రపోయాడు. అమ్మాయికి విసుగు పుట్టి ఉంటుందనుకుని ఆయన పుస్తకం మూయబోయాడు.

"ఆపకు," అంది అమ్మాయి. "అమ్మ గబగబా చదివేస్తుంది. నువ్వు చదువుతుంటే బొమ్మ మొత్తం చూసుకోవచ్చు."

సాయంత్రాలు అలా ఒక దారికొచ్చాయి. ఆదివారాలే ఇబ్బంది. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఆవిడ డ్యూటీకి వెళ్ళిన గంటలోనే పిల్లలు ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు. కింద ఇంటాయన రెండుసార్లు పైకొచ్చి గోల తగ్గించమని మర్యాదగానే అడిగాడు. మూడో ఆదివారం పిల్లల తండ్రి నాలుగు గుడ్లు ఉడకబెట్టి, రొట్టె ముక్కలు డబ్బాలో సర్ది, గ్రంథాలయం పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పిల్లల్ని సిటీ బస్సెక్కించాడు. చిట్టచివరి స్టాపు అడవి గేటు. గేటు దగ్గర కాపలాదారు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, "మడుగు దాటి వెళ్ళకండి, నాలుగున్నరకి ఆఖరి బస్సు" అని చెప్పాడు.

ఆయన పుట్టిందీ పెరిగిందీ పట్నంలోనే. చెట్లలో ఆయనకి తెలిసినవి రెండే రకాలు: నీడ ఇచ్చేవి, ఇవ్వనివి. అయినా గేటు దాటి వంద అడుగులు నడిచేసరికి పిల్లల చేతులు వాటంతటవే విడిపోయాయి. బుడ్డోడు పుల్ల దొరికిన చోటల్లా ఆగాడు. అమ్మాయి చీమల బారు వెంట వంగి వంగి నడిచింది. "పదండి, పదండి" అనాల్సిన అవసరం లేదని ఆయనకి కాసేపటికి తోచింది. వాళ్ళు ఎక్కడికీ చేరాల్సిన పని లేదు.

మడుగు ఒడ్డున బల్లపరుపు రాయి మీద కూర్చుని గుడ్లు తిన్నారు. పుస్తకం తీశాడు. గిజిగాడి గూడు గురించిన చిన్న బొమ్మల పుస్తకం. గోధుమరంగు అమ్మపిట్ట పొద్దస్తమానం గడ్డిపోచలు తెచ్చి గూడు అల్లుతుంటుంది. తల మీద పసుపు టోపీ పెట్టినట్టుండే నాన్నపిట్ట కొమ్మ మీద కూర్చుని పాట పాడుతుంటాడు. ఇంతలో బుడ్డోడు ఎదుటి ఒడ్డు చూపించాడు. నీళ్ళ మీదికి వంగిన తుమ్మచెట్టుకి అచ్చం అలాంటి గూళ్ళే డజను దాకా వేలాడుతున్నాయి.

ఆయన కథ సంగతి మరిచిపోయి వాటి వంక చూశాడు. గాలికి ఊగుతున్నాయే గానీ ఒక్కటీ జారడం లేదు.

"కట్టినవాడెవడో గానీ పని తెలిసినవాడు," అన్నాడు.

"కట్టినవాడు కాదు నాన్నా. అమ్మపిట్ట కదా కట్టింది," అని అమ్మాయి దిద్దింది.

అప్పుడే ఒక పిట్ట పొడవాటి పచ్చటి పోచ ముక్కున కరుచుకుని వచ్చింది. గూటికి తలకిందులుగా వేలాడుతూ పోచను లోపలికి దూర్చి, ఇటు లాగి, అటు తిప్పి బిగించింది. దాని తల పసుపుపచ్చగా ఉంది. తర్వాత వచ్చిందీ అలాంటిదే. గోధుమరంగువి అప్పుడప్పుడూ వచ్చి, గూట్లోకి దూరి చూసి, వెళ్ళిపోతున్నాయి.

బస్సులో అమ్మాయి పుస్తకం తెరిచి బొమ్మ మళ్ళీ చూసుకుంది. తర్వాత అడిగింది.

"పుస్తకాలు అబద్ధాలు చెబుతాయా నాన్నా?"

"అబద్ధం కాదేమో. పొరపాటు అయుంటుంది. ఓసారి ఒక భవనంలో లిఫ్టు గుంత లోతు పటంలో ఒకలా ఉంది, తీరా దిగి చూస్తే ఇంకోలా ఉంది. ఇంజనీరుగారికి చెప్పే ముందు మూడుసార్లు కొలిచా."

"అయితే మనమూ కొలుద్దాం."

"కొలుద్దాం," అన్నాడు ఆయన.

ఆ తర్వాత వరసగా మరో నాలుగు ఆదివారాలు వెళ్ళారు. ఒకసారి వాన పట్టుకుంటే గేటు దగ్గర గదిలో గంటసేపు నిలబడి, తగ్గాక మళ్ళీ నడిచారు. అమ్మాయి నోటుపుస్తకంలో రెండు గళ్ళు గీసింది. పోచ తెచ్చి అల్లినప్పుడల్లా ఒక గీత. బుడ్డోడి పని "టోపీ వచ్చాడు" అని చెప్పడం. వాడు ఆ పని ఎంత శ్రద్ధగా చేశాడంటే, రొట్టె ముక్క నోట్లో ఉండగా కూడా ఆపలేదు. నాలుగో వారానికి టోపీల గడిలో అరవై ఒక్క గీతలున్నాయి. గోధుమరంగు గడి ఖాళీ.

ఒక గూడు మాత్రం సగంలో ఆగిపోయింది.

"దీన్నెందుకు వదిలేశాడు?" అని అడిగింది అమ్మాయి.

"అమ్మపిట్టకి నచ్చి ఉండదమ్మా. మీ అమ్మ ఇప్పుడున్న ఇల్లు ఒప్పుకునే ముందు ఏడిళ్ళు చూసింది. ఏడింట్లోనూ కొళాయిలు తిప్పింది."

ఆ రాత్రి ఈ మాట తల్లి చెవిన పడింది. "ఎనిమిది," అంది ఆవిడ చెప్పులు విప్పుతూ. "ఒకటి మీకు చెప్పకుండా నేనొక్కదాన్నే చూసొచ్చాను."

ఆ వారం ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. గ్రంథాలయంలో పక్షుల మీద లావుపాటి పుస్తకం ఉంది. దాన్ని ఇంటికి ఇవ్వరు. మధ్యాహ్నం భోజనం వేళ అక్కడికి వెళ్ళి, మూల బల్ల దగ్గర కూర్చుని, స్కేలు పెట్టుకుని గిజిగాడి గురించిన రెండు పేజీలు చదివాడు. మూడు రోజులు పట్టింది. అల్లేది మగపిట్టేనని అందులోనూ ఉంది. ముఖ్యమైన నాలుగు వాక్యాలు లిఫ్టు పనుల కాగితం వెనక రాసుకొచ్చి అమ్మాయికి చదివి వినిపించాడు. అమ్మాయి వెంటనే పెన్ను తీసుకుని, ఆ బొమ్మల పుస్తకం రాసినవాళ్ళకి ఉత్తరం మొదలుపెట్టింది.

"మీ పుస్తకం బాగుంది. మా తమ్ముడికి కూడా ఇష్టం. కానీ గూడు అల్లింది నాన్నపిట్ట. మేము ఐదు ఆదివారాలు చూశాం. అమ్మపిట్ట వచ్చి బాగుందో లేదో చూసి వెళ్తుంది. మీరు ఆయన పాడుతూ కూర్చున్నట్టు బొమ్మ వేశారు. ఆయన పని చేస్తున్నాడు."

గీతల కాగితం కూడా జతచేసింది. తండ్రికి మనసొప్పలేదు.

"పుస్తకాలు రాసే పెద్దవాళ్ళకి ఇలా రాస్తే ఏం బాగుంటుంది?" అన్నాడు భార్యతో.

"తిట్టలేదుగా, చూసింది రాసింది. వార్డులో డాక్టరు చీటీలో పొరపాటు కనబడితే నేను నోరు మూసుకుంటానా? చెప్పడమే మర్యాద," అని ఆవిడ పుస్తకం వెనక అట్ట మీదున్న చిరునామా కవరు మీద రాసిచ్చింది.

జవాబు రాలేదు. అమ్మాయి కొన్నాళ్ళు బడి నుంచి రాగానే మెట్ల కింద తపాలా పెట్టెలో చెయ్యి పెట్టి చూసేది. తర్వాత మానేసింది. నెలా పదిరోజులకి, ఎవరూ ఎదురుచూడని రోజున ఉత్తరం వచ్చింది. పుస్తకం రాసిందీ బొమ్మలు వేసిందీ ఒకావిడే. పెద్దావిడ, అక్షరాలు కాస్త వణికాయి.

"అమ్మాయీ, నేను గిజిగాడి గూడు చెట్టు మీద ఎప్పుడూ చూడలేదు. వేరే బొమ్మ చూసి వేశాను. గూడంటే అమ్మే కట్టి ఉంటుందనుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా పిల్లలు ఆ పుస్తకం చదువుతున్నారు, ఒక్కరూ అడగలేదు. మీరు ఈసారి వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళతారా? మోకాళ్ళ నొప్పులు, నెమ్మదిగా నడుస్తాను."

వాళ్ళు రమ్మని రాసిన ఆదివారం పెద్దావిడ గుడ్డసంచీ భుజాన వేసుకుని, చేతికర్రతో బస్సు స్టాపులో నిలబడి ఉంది. ఆయన మడత స్టూలు ఒకటి తెచ్చాడు. బుడ్డోడు ఆవిడ వేలు పట్టుకుని, దారిలో కనబడిన ప్రతి పుల్లకీ ఆవిడని పరిచయం చేశాడు. ఆవిడ ప్రతి పుల్లనీ చూసింది. మడుగు చేరడానికి మామూలు కంటే రెట్టింపు సమయం పట్టింది.

గంటసేపు ఆవిడ పెన్సిలుతో గీసుకుంది. తర్వాత ఆయన్ని పిలిచింది.

"అంత గాలికి ఆ గూడు కొమ్మని ఎలా పట్టుకుని ఉందంటారు?"

"ఒక్కచోటే ముడేస్తే బరువంతా అక్కడే పడుతుందండీ. వీడు చూడండి, పది పోగులు పది చోట్ల చుట్టాడు. ఒకటి తెగినా మిగతావి మోస్తాయి. మా లిఫ్టయినా అంతే, ఒక్క తాడు మీద ఎప్పుడూ వేలాడదీయం."

ఆవిడ ఆ మాటలు బొమ్మ పక్కన రాసుకుంది. తర్వాత సంచీలోంచి తన పుస్తకం తీసి ఆయన చేతికిచ్చింది. "ఇది పైకి చదవండి. నేను ఏం రాశానో నా చెవులతో వినాలి."

"నేను బాగా నెమ్మదండీ. తడబడతాను."

"నాన్న బాగా చదువుతాడు," అంది అమ్మాయి.

ఆయన స్కేలు తీసి రాయి మీద కూర్చున్నాడు. చదివాడు. మూడో పేజీలో ఒక పెద్ద మాట దగ్గర ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగాడు. తల ఎత్తి చూస్తే ఆవిడ తన దగ్గరున్న రాతప్రతి మీద ఆ మాట కొట్టేస్తోంది.

"పిల్లల నోటికి తిరిగే మాట కాదది. తీసేస్తాను. కానివ్వండి," అంది.

తను ఆగినందుకు తప్పు ఆ మాటదేనని అన్నవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరు. ఆయన స్కేలు తర్వాతి వరుస కిందికి జరిపి, ముందుకంటే కాస్త గట్టిగా చదివాడు. అలాంటి మాటలు మొత్తం నాలుగు తేలాయి. నాలుగూ ఆవిడ మార్చుకుంది.

కొత్త పుస్తకం మరుసటి ఏడాది వానల్లో వచ్చింది. రెండు ప్రతులు పంపింది ఆవిడ. అందులో టోపీ పెట్టుకున్న నాన్నపిట్ట తలకిందులుగా వేలాడుతూ పోచలు బిగిస్తున్నాడు. మొదటి పేజీలో చిన్న అక్షరాలతో, "దిద్దినవారు: ఒక అక్క, ఒక తమ్ముడు, ఒక లిఫ్టు మేస్త్రీ" అని ఉంది. అమ్మాయి అప్పటికి బొమ్మలు లేని పుస్తకాలకి వెళ్ళిపోయింది. ఇది మాత్రం బడికి తీసుకెళ్ళి మూడు రోజులు తిప్పింది. బుడ్డోడు కూడబలుక్కుని అందులో మొదటి వాక్యం చదవగలుగుతున్నాడు. ఆసుపత్రిలో డ్యూటీలు కూడా మళ్ళీ మారాయి. పిల్లల తల్లికి ఆదివారం సెలవొచ్చింది.

ఆ మొదటి ఆదివారం నలుగురూ వెళ్ళారు. రాయి మీద దుప్పటి పరుచుకుని ఆవిడ కొత్త పుస్తకం మొదటి నుంచి చివరిదాకా చదివింది. చివరి బొమ్మ దగ్గర ఆగింది. అమ్మపిట్ట ఒక్కతే పిల్లల నోళ్ళలో పురుగులు పెడుతోంది.

"మరి నాన్నపిట్ట ఏడీ?" అంది.

అమ్మాయి తండ్రి వంక చూసింది.

"ఇంకో గూడు కట్టడానికి వెళ్ళాడు," అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఇంకో ఆవిడ కోసం. లావు పుస్తకంలో అలాగే ఉంది మరి."

ఆవిడ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "మీరు ఆ లావు పుస్తకం ఇక చదవక్కర్లేదు," అని, గుడ్ల డబ్బా ఆయన చేతిలో పెట్టి పెంకులు తియ్యమంది. బుడ్డోడు అప్పటికే మడుగు ఒడ్డున బోర్లా పడుకుని, నీళ్ళ మీద నడిచే పురుగుని చూస్తున్నాడు. దానికి కాళ్ళెన్నో లెక్క తేలడం లేదని అక్కని పిలిచాడు. అమ్మాయి నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పుకుని వాడి పక్కన చేరింది.