పెద్దమ్మ గడప రాయి

పొద్దున నందిపేట్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "గోదావరిల నీళ్లు దిగినయట కొడుకా, ఆటో మాట్లాడు. నిరుడు నాకే యాది తప్పింది. గీసారన్న జాగ దొరకాలె."

ఆమె కాపురానికి వచ్చిన ఊరు ప్రాజెక్టు కింద మునిగింది. ఏటా ఎండాకాలం నీళ్లు వెనక్కిపోగానే అక్కడికి వెళ్లి, ఇంటి గుర్తుగా మిగిలిన గడప రాయికి పసుపు పెట్టి వస్తుంది. ఆ ఇల్లు ఎక్కడుండేదో నేనెన్నడూ అడగలేదు. అదే ఒండ్రులో తిరుగుతూ, మారుతున్న గోదావరి ఒడ్డు గురించి ఆర్మూర్‌లోని మా కాలేజీలో పెట్టే ప్రదర్శన కోసం పాత వస్తువులు ఏరేవాణ్ణి గనుక తీరిక ఉండేది కాదు. పెంకు ముక్క, తాళం కప్ప, కొమ్ము దువ్వెన, ఏది దొరికినా ఫొటో తీసి చీటీ కట్టేవాణ్ణి. ముందటేడు ఒక ఆదివారం నడుమ పగులున్న రాయి ఒకటి కనబడింది. నలుగురం కలిసి ఆటోకెక్కించాం. వానకు తడిసి దాని మీద ఏదో మరక మిగిలితే బ్రష్‌తో రుద్ది కడిగాను. పసుపు మార్కెట్ ఉన్న ఊళ్లో పుట్టి పెరిగి, పసుపును తుప్పనుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. చీటీ మీద 'గడప రాయి, ఎవరిదో తెలియదు' అని అందంగా రాశాను.

నిరుడు తోడెవరూ లేక పెద్దమ్మ నన్ను తీసుకెళ్లింది. ఎండలో అటూ ఇటూ నడిచి, "గిక్కడ్నే ఉండాలెరా, నడుమ పగులుంటది" అంది. నేను దూరంగా కొంగలను చూస్తూ నిలబడ్డాను. పక్షుల మీద నాకు ఆసక్తి కలిగింది అప్పుడే. చివరికామె ఉత్త మట్టి మీద పసుపు పెట్టి, "ముసలిదాన్నయిన, ఇల్లు గూడ మర్చిపోయిన" అని నవ్వింది. సరైన చోటు అక్కడికి ఇరవై అడుగులని నా నోట్‌బుక్‌లో ఉంది. నేను పసుపు డబ్బా మూత పెట్టాను. ఏడాదంతా ఆమె తన మతిమరుపు గురించి చుట్టాలందరికీ చెప్పుకుంది. నేనూ విన్నాను.

ఇవాళ ఆ ఫోన్‌లోనే చెప్పేశాను. "నీకు యాది తప్పలే పెద్దమ్మా. రాయి మా కాలేజీల ఉన్నది. నాకు దొరికితే తెచ్చిన."

పెద్దమ్మ, "దొరికిందంటవేందిరా? మేం పారేసుకున్నమా?" అంది. మళ్లీ తనే, "పసుపన్న పెడుతున్రా దానికి?" అని అడిగింది.

ఆ ఇంటిని ముంచడానికి గోదావరికి ఒక వానాకాలమంతా పట్టింది. నాకు ఒక ఆదివారం పొద్దున చాలింది.