డబ్బాలనే కొట్టమన్న పత్రిక

మా ఆయన ఫోన్లో ఎయిర్‌గన్ వీడియోలు చూస్తాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మోటార్ షెడ్డులో స్టూలు మీద ఒక్కడే కూర్చుని చూస్తాడు. ఎవరో తెల్లదొర గడ్డిలో బోర్లా పడుకుని తుపాకి గురించి ఏదో చెబుతుంటాడు. పక్కన నిలబడ్డ నాకు ఆ దొర పెదాలు కదలడం తప్ప ఏమీ వినబడదు. "ఏమంటుండు?" అని అడిగితే, నావైపు చూడకుండా ఒక చెయ్యెత్తి ఆగమంటాడు. ఆ చెయ్యి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు దొరలు ఏం మాట్లాడినా ముందు నా నోట్లోంచి వస్తే గానీ ఆయన చెవిలో పడేది కాదు.

రెండు వేలు దాటిన తొలి ఏళ్ళ మాట ఇది. మాది పినపాక దగ్గర అడవి అంచున ఉన్న ఊరు. నేను పక్క గూడెం బడిలో టీచర్ని. ఆయనది రోడ్డు పక్కన మోటార్ వైండింగ్ షెడ్డు. మిర్చి తోటలకు నీళ్ళు పెట్టే మోటార్లు కాలిపోతే ఆయన దగ్గరికే వచ్చేవి. రాగి తీగ కోసం ఖమ్మం పోయినప్పుడల్లా అక్కడి పాత పేపర్ల దుకాణంలో దూరేవాడు. పరదేశపు పత్రికలు అక్కడ తూకానికి దొరికేవి. వాటిల్లోంచి ఎయిర్‌గన్ వేట పత్రికలను ఏరుకుని, తీగ చుట్టల కింద పెట్టుకుని బస్సులో తెచ్చేవాడు. నున్నటి మందం కాగితం. తెరిస్తే సిరా వాసన వచ్చేది, షెడ్డులో రెండు రోజులుంటే దాని మీదికి మోటార్ వార్నిష్ వాసన ఎక్కేది. ఇప్పటికీ ఎక్కడైనా వార్నిష్ వాసన తగిలితే నా చేతులు పేజీ తిప్పడానికి వెతుక్కుంటాయి.

ఆ పిచ్చి జాతరలో మొదలైంది. బెలూన్లు కొట్టించే దుకాణం ఆయన పాతదైన ఒక ఎయిర్‌గన్ అమ్ముకుంటుంటే ఈయన కొన్నాడు. ఈయన పదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలడు గానీ అర్థం తెలియదు. అందుకని ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, పత్రిక నా ఒళ్ళో పెట్టి ఎదురుగా కూర్చునేవాడు. "సదువు" అనేవాడు. నేను ఇంగ్లీషు చూసి తెలుగులో చెప్పేదాన్ని. మా ఇంట్లో వారానికంతా అదే ముద్దుమురిపెం.

మొదటి పత్రిక తెరిచిన రోజు వెంటనే మూసేశాను. పేజీ నిండా చచ్చిన కుందేళ్ళు. వాటి వెనక నవ్వుతూ దొర. ఈయన చేతిలో తుపాకి ఉంది, ఇంటి వెనకే అడవి ఉంది. వేట కేసులో ఇరుక్కుంటే ఎట్లా ఉంటుందో చుట్టుపక్కల అందరికీ తెలుసు. అదొక్కటే కాదు, ప్రాణమున్నదాన్ని ఆట కోసం చంపే మనిషి పక్కన పడుకోవడం నా వల్ల కాదు. వద్దంటే వినే రకం కాదు మా ఆయన. అందుకే కుందేలు అని ఉన్నచోట డబ్బా అని చదివాను. పావురం ఉన్నచోట సీసా అన్నాను. ప్రతి వ్యాసం చివర నా సొంత వాక్యం ఒకటి కలిపాను: "ప్రాణమున్నదాని మీద గురి పెట్టినవాడికి గురి రానట్టే లెక్క." ఈయన తలూపి, "దొరలు గూడ మంచోళ్ళే" అనేవాడు. నేను నవ్వు ఆపుకుని పేజీ తిప్పేదాన్ని. ఇందులో తప్పుందని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

చదివేటప్పుడు బొమ్మలు ఆయన కంట పడకుండా పత్రికను నావైపే ఎత్తి పట్టుకునేదాన్ని, ఆ తర్వాత బొమ్మల సంగతి బడి చూసుకుంది. జూన్‌లో కొత్త పుస్తకాలు వస్తే అట్టలు వేయాలి కదా. ఊళ్ళో అయితే పాత క్యాలెండర్లుంటాయి, గూడెంలో అవెక్కడివి. వానలకు పుస్తకాలు నాలుగు నెలలు కూడా ఆగేవి కావు. అందుకని పాత పత్రికల్లోంచి వేట బొమ్మలున్న కాగితాలు చింపి, బొమ్మ లోపలికి, అక్షరాలు బయటికి వచ్చేట్టు పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేదాన్ని. ఒక్క దెబ్బకు రెండు పిట్టలన్నమాట, అదీ నా బతుకులో నేను కొట్టిన పిట్టలు.

ఒక ఎండాకాలం ఎయిర్‌గన్ వెనక చెక్క, అదే భుజానికి ఆనించే మడమ, విరిగింది. ఒక పత్రిక నడిమధ్యన మడతలు విప్పితే పెద్ద బొమ్మ వచ్చేది, ఏదో ఖరీదైన ఎయిర్‌గన్ వెనక సగం, అసలు సైజులోనే. ఈయన దాన్ని అట్టముక్క మీద గీసుకుని, మామిడి చెక్కను ఆ కొలతకు చెక్కి, వైండింగ్ వార్నిష్ నల్లగా పూశాడు. చూసినవాళ్ళకు పోలీసుల తుపాకిలాగే కనబడేది. షెడ్డులో మేకుకు వేలాడేసి మురిసిపోయేవాడు. అడవిలో ఒకపక్క అన్నలు, ఒకపక్క పోలీసులు తిరిగే రోజుల్లో అట్లాంటిది గోడకు వేలాడేసేవాణ్ణి ఏమనాలి? చెప్పాను, వినలేదు. జూన్ రాగానే ఆ పెద్ద బొమ్మను రెండు ముక్కలు చేసి రెండు పుస్తకాలకు అట్టలు వేశాను. దాని వెనక కూడా కుందేళ్ళే.

మిరప కోతలు నడుస్తున్న రోజుల్లో ఒక ఉదయం, బడిలో హాజరు తీసుకుంటుంటే రోడ్డు మీది పంక్చర్ షాపాయన సైకిల్ మీద వచ్చాడు. "టీచరమ్మా, మీ ఆయన్ని జీపెక్కించిండ్రు" అన్నాడు. చాక్‌పీసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. పిల్లల్ని ఇంకో సారుకు అప్పజెప్పి ఆయన సైకిల్ వెనకే స్టేషన్‌కు పోయాను.

ఈయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎవరూ ఒక్క దెబ్బ వెయ్యలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. ఆ నెమ్మదికే నాకు ఎక్కువ భయమేసింది. ఎస్సై కుర్రవాడే. టేబుల్ మీద నల్ల తుపాకి, అట్టముక్క, పత్రికల కట్ట పెట్టుకుని ఉన్నాడు.

"ఇది పిట్టల తుపాకనే నాకు తెలుసు మేడం" అన్నాడు. "దీనికి లైసెన్స్ గూడ అక్కర్లేదు. నా బాధ ఈ చెక్కతోని. గిట్ల చెక్కాల్నంటే అసలు తుపాకి దగ్గర పెట్టుకొని కొలవాలె. లోపలి ఊర్లకు మోటార్లు బాగుజేయ పోతడట గదా. ఏ అన్న తుపాకి కొలిచిండు? ఎవరెవరికి చెక్కిచ్చిండు?"

"పుస్తకంల చూసి చెక్కిన సార్" అన్నాడు మా ఆయన.

ఎస్సై ఆ పత్రిక తెరిచి నడిమధ్య చూపించాడు. పిన్నులకు చింపిన అంచు మాత్రం వేలాడుతోంది. "మరి ఆ కాయితమేది?"

"ఉండాలె సార్..." అని ఆయన నా మొహంలోకి చూశాడు.

"బడిల ఉంది సార్. నేనే చింపి పిల్లల పుస్తకాలకు అట్టలేసిన" అన్నాను.

"మధ్యాహ్నం బండి కొత్తగూడెం పోతది. అంతల్నే తెస్తే నేనే చూస్త. లేకుంటే ఆడ పెద్దసార్లు చూస్తరు."

కొత్తగూడెం దాకా పోయిన మాట తేలడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదు. బయటికి వస్తూ వెనక్కి చూస్తే మా ఆయన తల వంచుకుని తన గోళ్ళలోని వార్నిష్ గీక్కుంటున్నాడు. ఆ మనిషిని అట్లా వదిలేసి నడుస్తుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది.

బడిలో తలుపు గడియ పెట్టి, అందరినీ అట్టలు విప్పమన్నాను. పిల్లలకు పండగే. నేల నిండా కాగితాలు పరుచుకున్నాయి. ఎటు చూసినా తుపాకులు, దొరలు, కుందేళ్ళు. అప్పుడు గనక ఏ జీపో ఆ దారిన వచ్చి కిటికీలోంచి తొంగిచూస్తే నన్నూ ఎక్కించుకుపోయేవాళ్ళు. మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. ఒక ముక్క లెక్కల పుస్తకానికి దొరికింది. రెండోది ఎంతకీ దొరకలేదు. అప్పుడు ఒక పిల్ల, "టీచర్, గామె బడికొస్తలేదు గదా, మిరపకాయలేరబోతుంది" అని, రాని అమ్మాయి పేరు చెప్పింది.

గూడెం చివర ఇల్లు. తల్లీబిడ్డా తోటకు పోయారు, ముసలవ్వ ఒక్కతే ఉంది. పుస్తకం దొరికింది గానీ దాని మీద అట్ట లేదు. అవ్వ నా మొహం చూసి గోడవైపు చెయ్యి చాపింది. మట్టిగోడ మీద, అన్నం మెతుకులతో అంటించి, కుందేళ్ళు. వచ్చీరాని తెలుగులో, "పిల్ల కుందేళ్ళు పడుకున్నయంటది" అని నవ్వింది. పడుకున్నాయట! నాకు ఏడుపొచ్చింది. తుపాకి బొమ్మ ఉన్నవైపు గోడకు అంటుకుని ఉంది. గట్టిగా లాగితే చినిగిపోతుంది, ఆలస్యం చేస్తే బండి పోతుంది. కొంగు తడిపి అద్దుతూ, గోరుతో అంచులు లేపుతూ, ప్రభువా ప్రభువా అనుకుంటూ ఊడదీశాను. అవ్వ కోయ భాషలో నన్ను తిట్టడం మొదలుపెట్టింది. మాటలు అర్థం కాకపోయినా తిట్లు తిట్లలాగే వినబడతాయి. మళ్ళీ తెస్తానని చేతులు జోడించి పరుగెత్తాను.

దారిలో తట్టింది నాకు. ఈ కాగితం ఒకవైపు ఆయన్ని కాపాడుతుంది, రెండోవైపు వేటగాడంటుంది. పైగా ఇన్నేళ్ళూ నేను చదివింది అబద్ధమని ఆయన ముందే బయటపడుతుంది. బయటపడితే పడనీ, మనిషి ఇంటికొస్తే చాలు అనుకున్నాను.

స్టేషన్ ముందు బండి స్టార్ట్ చేసి ఉంది. ముక్కలు రెండూ టేబుల్ మీద కలిపి పెట్టాను. ఎస్సై అట్టముక్క తెచ్చి బొమ్మ మీద ఆనించాడు. గీతకు గీత సరిపోయింది. నాకు ఊపిరి వచ్చింది. అంతలో ఎస్సై కాగితం వెనక్కి తిప్పాడు.

"వేట గూడ ఆడుతవా?" అన్నాడు. గొంతు మారింది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "లేద్సార్. డబ్బాలు కొడత. ప్రాణమున్నదాని మీద గురి పెట్టొద్దని ఆ పుస్తకంలనే రాసిండ్రు. మా ఆమె సదివింది."

ఎస్సై కళ్ళు కుందేళ్ళ కిందున్న ఇంగ్లీషు వరసల మీద నెమ్మదిగా నడిచాయి. తర్వాత కాగితం నా ముందుకు జరిపాడు. "చదువు మేడం. ఏం రాసిండ్రో తెలుగుల చెప్పు."

ఎస్సైకి ఇంగ్లీషు వచ్చు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. మా ఆయన నా పెదాలనే చూస్తున్నాడు. ఆదివారం గొంతుతో మొదలుపెట్టాను. పొద్దున్నే మంచులో ఆ దొర కంచె పక్కన పడుకున్నాడని, ఎదురుగా వరసగా డబ్బాలున్నాయని, గాలి ఎటు వీస్తుందో చూసుకుని మొదటి డబ్బాను కొట్టాడని చదివాను. చివరికొచ్చేసరికి ఎస్సై కళ్ళెత్తి నన్నే చూశాడు, నా సొంత వాక్యం సగంలో ఆగింది. మిగతా సగం మా ఆయన చెప్పాడు. "...గురి పెట్టినోనికి గురి రానట్టే లెక్క." ఒక్క ముక్క తప్పలేదు.

ఎస్సై తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ని చూశాడు. "షెడ్డు ఎనక ఏమున్నయ్?"

"అన్నీ తూట్లువడ్డ డబ్బాలే సార్" అన్నాడతను.

ఎస్సై కాగితం మడిచి నాకిచ్చాడు. మా ఆయనతో, "ఆ చెక్క ఈడ్నే కోసెయ్" అన్నాడు. రంపం తెప్పించారు. నెల రోజులు ముద్దుచేసి చెక్కినదాన్ని ఆయన తన చేత్తోనే కోశాడు. బండి ఖాళీగా కొత్తగూడెం పోయింది. ఇద్దరం నడుచుకుంటూ ఇంటికొచ్చాం. దారి పొడుగునా నేను ఆయన చొక్కా అంచు పట్టుకునే నడిచాను. మర్నాడు ఆయనే గూడేనికి పోయి కుందేళ్ళను గోడకు అంటించి వచ్చాడు.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు పత్రికలు వచ్చాయి, నేను చదివాను. మెల్లగా ఖమ్మంలో ఆ దుకాణం పోయింది, ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఫోన్ వచ్చాక మా ఆయనకు నాతో పని లేకుండా పోయింది.

మొన్న మళ్ళీ ఆ చెయ్యి ఎత్తేసరికి నాకు కోపం రేగి, ఆయన చెవిలోని ఇయర్‌ఫోన్ ఒకటి లాగి నా చెవిలో పెట్టుకున్నాను. దొర కుందేళ్ళ గురించే చెబుతున్నాడు.

"ఏందీ, ఈయన డబ్బాలు కొట్టడా?" అన్నాను ఎగతాళిగా.

"దొరలెప్పుడు గొట్టిండ్రు డబ్బాలు?" అన్నాడు తాపీగా. "ఆ బొమ్మ అట్ట మీద గీసుకున్ననాడే ఎనక తిప్పి చూసిన."

"మరి స్టేషన్ల గట్ల చెప్పిండ్రేంది?"

"నువ్వు సదివినవ్ గదా. అదే చెప్పిన."

"తెలిసి నాకెందుకు చెప్పలె?"

"చెప్తే సదువుడు బంద్ జేస్తవని."

నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన తన చెవిలోది కూడా తీసేశాడు. ఫోన్ సౌండ్ పూర్తిగా తగ్గించి నా ఒళ్ళో పెట్టి, స్టూలు నా ఎదురుగా జరుపుకున్నాడు.

"సదువు" అన్నాడు. "ఏమంటుండు?"

తెర మీద దొర గడ్డిలో పడుకుని కుందేలు మీదికి గురి పెడుతున్నాడు.

"ఎదురుగా డబ్బా ఉందంటున్నాడు" అన్నాను.