తిట్లు తిన్న స్లాబులు

తిరుపతిరావుగారు స్లాబు కనిపిస్తే తిట్టకుండా ఉండలేరు. మనుషుల్ని పల్లెత్తు మాట అనరు. కుక్క అడ్డమొచ్చినా పక్కకి తప్పుకుని పోతారు. కానీ ఎవరి డాబా మీదైనా కాలు పెట్టారా, ఇక నోటికి హద్దూ అదుపూ ఉండదు. "ఇది స్లాబా, అప్పడమా?" అన్నది ఆయన మొదటి మాట. రెండో మాట వినడానికి ఇంటివాళ్లు అక్కడ ఉండరు. కిందికి దిగి నన్ను తిడుతూ ఉంటారు.

నన్నెందుకంటే, ఆయన్ని వెంటబెట్టుకొచ్చేది నేనే. పేరు సతీష్‌బాబు, నందిగామలో సోలార్ ప్యానెళ్లు అమ్ముకుంటాను. ప్యానెళ్ల బరువునీ, ఈదురుగాలి ఊపునీ ఇంటి పైకప్పు తట్టుకోగలదని ఇంజనీరు సంతకం పెడితేగాని బిగించకూడదని మా కంపెనీ నియమం. ఈ పనికి నాకు దొరికిన ఇంజనీరు, రిటైరై ఇంట్లో కూర్చున్న తిరుపతిరావుగారు ఒక్కరే. దొరికారనడం కన్నా తగులుకున్నారనడం నయం.

ఆయన పనిముట్టు అప్పడాల కర్ర. దాంతో డాబా అంతా వంగి వంగి టక్కుటక్కుమని కొడుతూ చెవి ఒగ్గి వింటారు. డొల్ల శబ్దం వస్తే లోపల సిమెంటు ఇనుముని వదిలేసినట్టట.

"సుత్తి తెచ్చుకోవచ్చుగా సార్?" అన్నాను ఒకసారి.

"మీ ఊళ్ల స్లాబులకి సుత్తి కూడానా? కర్రే ఎక్కువ" అన్నారు. అవతల వాళ్లావిడ రాఘవమ్మగారు పాపం చపాతీలు గాజు సీసాతో ఒత్తుకుంటున్నారు.

కీసరలో మిరపకాయల వ్యాపారి బ్రహ్మయ్యగారు మమ్మల్ని దర్జాగా డాబా ఎక్కించారు.

"మా స్లాబు రాయండీ, రాయి! మీరు చూడక్కర్లేదు కూడా."

తిరుపతిరావుగారు కర్ర కొట్టారు. "రాయా? పెసరట్టు ఇంతకన్నా మందంగా పోస్తారు. పిల్లర్ల మీద ఆ ఊచలేంటి?"

"పై అంతస్తు కోసం వదిలామండి."

"ఎప్పుడేస్తారు?"

"మా మనవడి పెళ్లికండి."

"మనవడేం చేస్తున్నాడు?"

"ఇంకా పుట్టలేదండి."

"వాడు పుట్టి పెళ్లికెదిగేసరికి ఆ ఊచలెమ్మట వాన నీళ్లు దిగి స్లాబుకి తుప్పు పడుతుంది. కోయించి సిమెంటు పూయించండి. బుద్ధున్నవాడెవడైనా ఇలా వదులుతాడా?" ఇంతా తిట్టి, కిందికొచ్చి, మజ్జిగ తాగి, నిక్షేపంగా బిగించుకోవచ్చని సంతకం పెట్టేశారు.

కంచికచర్లలో పుష్పవతిగారింట్లో దీన్ని సరిగ్గా తిరగేశారు. "ఎంత చల్లని డాబా అమ్మా! కట్టించినవాళ్లది ఎంత మంచి మనసో!" అని ఆవిడ్ని ఉబ్బేసి, చివరికి పక్కింటి నీడ పడుతుంది కాబట్టి ప్యానెళ్లు వద్దన్నారు. పక్కిల్లు ఈ ఇంటికన్నా పొట్టిది.

"నీడెక్కడుంది సార్?" అన్నాను పళ్లు నూరుతూ.

"రేపు వాళ్లూ అంతస్తు వేస్తారుగా!" అని, ఎలాగూ ఆగుతున్నారు కాబట్టి ఈలోగా కింద గది ఖాళీ చేసి పైకప్పు బాగుచేయించుకోమని ఆవిడకి సలహా ఒకటి. తిట్టిన చోట సంతకం, పొగిడిన చోట మొండిచెయ్యి. ఈ బుర్రతో ఇన్నాళ్లు ఉద్యోగం ఎలా వెలగబెట్టారో నాకు అర్థం కాలేదు.

అలాంటి మనిషిని చిల్లకల్లులో ప్రేమదాసు ఇంటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ప్రేమదాసు తాపీ మేస్త్రి. పరంజా మీంచి పడి నడుం దెబ్బతిన్నాక పని మానేశాడు. గేటు దగ్గరే అతని భార్య లూర్దమ్మ నన్ను పక్కకి లాగింది.

"బాబూ, ఆ సారు నోటి సంగతి మా ఊరిదాకా వచ్చింది. ఈ ఇల్లు మా ఆయన తన చేతుల్తో కట్టుకున్నాడు. వచ్చినోళ్లందరికీ ఈ స్లాబే చూపిస్తాడు. దాన్నిగానీ అప్పడమన్నారంటే ఇంక మనిషి మంచం మీంచి లేవడు."

"స్లాబు బానే ఉందిగా?"

ఆమె గొంతు తగ్గించింది. "మొన్న పెచ్చు ఊడి మంచం పక్కనే పడింది. ఆయన చూడకుండా ఊడ్చేశా. చెబితే ఆయనకి బాధ, చెప్పకపోతే మా నెత్తిన పడుద్ది. ఏం చెయ్యను?"

మెట్ల మీద తిరుపతిరావుగారి చొక్కా పట్టుకున్నంత పని చేశాను. "సార్, ఇవాళ ఒక్కరోజు నోరు..."

"నువ్వు నాకు నేర్పుతావా?" అని పైకెక్కేశారు.

కింద ప్రేమదాసు కుర్చీలో కూర్చుని మెడ పైకెత్తి వింటున్నాడు. కర్ర పడింది. డొల్ల. నాకే తెలిసిపోయింది. ఇంకోచోట కొట్టారు, అక్కడా అంతే. నేను కళ్లు మూసుకున్నాను. అప్పడం మాట మాత్రం రాలేదు. తిరుపతిరావుగారు కిందికి దిగి, గదిలోకెళ్లి పైకప్పు చూసి, మెల్లగా బయటికొచ్చారు.

"ఎట్టా ఉందండీ నా స్లాబు?" అన్నాడు ప్రేమదాసు.

"వాటం ఎంత బాగా ఇచ్చావు మేస్త్రీ! చుక్క నీరు నిలవదు. మీ చిల్లకల్లు ఎండే బాగాలేదు."

అది ఏప్రిల్ నెల. వచ్చేటప్పుడు నా చెప్పులు రోడ్డు తారుకి అతుక్కున్నాయి.

"ఎండండీ?"

"నాణ్యత లేదయ్యా. డాబా మీద పడేది ఒక రకం, పెరట్లో పడేది ఇంకో రకం. పైన పడేది నాసిరకం. పెరట్లో ఇనప స్టాండు వేసి ప్యానెళ్లు అక్కడ బిగిద్దాం. ఇంకోటి, పై అంతస్తుకని వదిలిన ఊచలెమ్మట వాన నీళ్లు దిగాయి. తప్పు వానది. తుప్పు రాల్చి, కొత్త సిమెంటు పట్టించాలి. మనుషుల్ని నేను పంపుతా, కానీ వాళ్లకి నీ అంత పని రాదు. కుర్చీ వేసుకుని దగ్గరుండి చేయించు. అయ్యేదాకా ఇద్దరూ రేకుల వసారాలోనే పడుకోవాలి. లోపలికి అడుగు పెట్టారంటే ఊరుకోను."

"పని చేయించడమా? నేనా?" ప్రేమదాసు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "లూర్దూ, మంచం బయటెయ్యి! పనోళ్లు వచ్చేసరికి గది ఖాళీగా ఉండాలి!" లూర్దమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, నవ్వుతూ మంచానికి చెయ్యేసింది.

తిరుగు దారిలో అడిగాను. "ఎండని పట్టుకుని అన్ని మాటలన్నారేంటి సార్?"

"దానికి నామోషీ ఉండదుగా" అన్నారు వెనక సీట్లోంచి. "గట్టి స్లాబుని ఎంత తిట్టినా దానికేం కాదు, దాని యజమానికీ ఏం కాదు. పడిపోయేదాన్ని తిట్టి ఏం లాభం? కింద ఉన్నవాళ్లని బయటికి తేవాలిగాని."

ఇన్నాళ్లూ నేను విసుక్కున్నది ఇలాంటి మనిషినా అనిపించింది. బండి నడుపుతున్నాను గాని, లేకపోతే అక్కడే కాళ్లకి దణ్ణం పెట్టేవాణ్ని. కాఫీ తాగి వెళ్లండని బలవంతంగా మా ఇంటికి తీసుకెళ్లాను. నేను చెప్పులు విప్పేలోపే ఆయన కర్ర పట్టుకుని మా డాబా ఎక్కేశారు. దిగేటప్పుడు మొహం నిండా చిరునవ్వు.

"సతీషూ, ఎంత చక్కటి డాబా అయ్యా మీది! ఏమి నునుపు, ఏమి అందం!"

లోపలున్న మా ఆవిడకి వినపడేలా ఒక్క కేక పెట్టాను.

"రోజారమణీ! పిల్లల్ని తీసుకుని బయటికొచ్చెయ్!"