ఎడెల్మీరా వేళ్ళు

ఎడెల్మీరా చేతులు ఖాళీగా ఉండలేవు. బస్సులో కూర్చున్నా, చర్చిలో కూర్చున్నా, ఒళ్ళో కాఫీగింజలున్నట్టు వేళ్ళు పుచ్చువాటిని ఏరుతూనే ఉంటాయి. వాళ్ళమ్మా, ఇద్దరన్నలూ నలభై అయిదు దాటకముందే సొంత పేర్లు మరిచిపోయారు. ఆ జబ్బు తనకూ మొదలైందేమో చూపించుకోవడానికి రెండేళ్ళకోసారి కొండమీది కాఫీతోటల నుంచి దిగి మెదెయీన్ నగరంలోని ఆసుపత్రికి వస్తుంది. ఊరికే పడుకున్నప్పుడు మెదడు ఎలా మెదులుతుందో అక్కడి యంత్రం బొమ్మ తీస్తుంది. దాన్ని నడిపే విల్మార్‌ది ప్రతిసారీ ఒకటే గోల.

"వేళ్ళు ఆపు అక్కా. ఏ పనీ పెట్టుకోకుండా పడుకోమన్నానా?"

"ఖాళీ బుర్ర కావాలంటే మా ఆయన్ని పంపేదాన్ని కదా విల్మారూ," అనేది ఆ యంత్రం గొట్టంలో పడుకునే. అతను నవ్వుకుంటూ మళ్ళీ మొదటినుంచి తీసేవాడు.

ఈ ఏడు ఆమెకు నలభై నాలుగు. గొట్టంలో ఉన్న పది నిమిషాలూ వేళ్ళు కదల్లేదు. విల్మార్ సంబరపడి, బొమ్మ చక్కగా వచ్చిందని కాగితం మీద రాసి, చెయ్యి పట్టుకుని లేపాడు.

"ఇన్నేళ్ళకి నా మాట విన్నావక్కా. అయిపోయింది, ఇంక చెప్పులేసుకో."

ఎడెల్మీరా చెప్పులు వేసుకోలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, కొత్తవాళ్ళతో నవ్వినట్టు మర్యాదగా నవ్వింది.

"నన్నెప్పుడు పడుకోబెడతారు బాబూ?" అని అడిగింది.