అక్క కొత్త పాట

తిరుత్తణిలో మాకు పాత్రల అంగడి ఉంది. ఇత్తడి బిందెను వేలి కణుపుతో కొట్టి, మోత వినిపించి అమ్మడం మా నాన్న కాలం నుంచీ అలవాటు. ఒకరోజు అలాగే కొట్టాను. టక్కుమన్న దెబ్బ వినిపించింది గానీ, దాని వెనక సాగవలసిన ఖంగుమనే నాదం రాలేదు. బీట ఉందేమోనని ఇంకో బిందె తీశాను. అదీ అంతే. కొనవచ్చినావిడ మాత్రం, "బాగా మోగతా ఉందే, ఇదే ఈయండి" అంది.

తిరువళ్లూరులో చెవి పరీక్ష చేసిన అమ్మాయి, సన్నని శబ్దాలు ముందుగా పోయాయని చెప్పి చెవులకు మిషన్లు పెట్టింది.

"ఇవి మాటల కోసం చేసినవి సార్. పాటలు ఒక్కసారిగా రావు. పోగ పోగ, నిదానంగా అలవాటయితాది."

పాట అనగానే నాకు పళ్ళిపట్టులో ఉన్న మా అక్క గుర్తొచ్చింది. పెళ్లికి ముందు అక్క హార్మోనియం వాయిస్తూ పాడుతుంటే, నేను పక్క గదిలో చాప మీద పడుకుని వినేవాణ్ణి. ఇప్పుడు వాళ్లింట్లో శుక్రవారం భజన నడిపేదీ అక్కే. ఆ శుక్రవారమే బస్సెక్కాను.

అక్క కొత్తగా నేర్చుకున్న పాట ఎత్తుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. కాసేపటికే తెరిచాను. భజనకు వచ్చినవాళ్లంతా వెళ్లాక అక్క అడిగింది.

"ఏమిరా, మొహం అట్ల పెట్టినావు? పాట బాలేదా?"

"బాగుందక్కా."

"అబద్ధం చెప్పాకు."

"రేకు మింద గులకరాళ్లు పోసినట్టుందక్కా. నీ గొంతు యాడుందో తెలీలేదు."

అక్క నా చెవుల్లోని మిషన్ల వైపు చూసింది. తర్వాత, "అవి తీసి పక్కన పెట్టి, ఇట్ల దగ్గరికి రా" అంది. నా అరచేతిని హార్మోనియం చెక్క మీద పెట్టి, అమ్మ దోసెల పిండి రుబ్బుతూ పాడే పాట మొదలుపెట్టింది. మళ్లీ కళ్లు మూసుకున్నాను. మంద్రస్వరాలు చేతిలోకి వణికాయి. మాటలు అంచులు అరిగిపోయి వస్తున్నాయి. అయినా రెండో వరుసకల్లా పాట మొత్తం నిలబడింది. తాళాల గలగల కూడా వినిపించింది. కళ్లు తెరిచి చూస్తే, తాళం వేసేవాళ్లు ఎవరూ లేరు.

నా చెవికి అందనిదంతా జ్ఞాపకమే నింపుతోందని అప్పుడు తెలిసింది. నేను విన్నది పక్క గదిలోంచి వచ్చిన అక్క పాత గొంతు. ఎదురుగా జుట్టు నెరిసిన అక్క ఉంది. ఈ వయసులో ఆమె గొంతు ఎలా మారిందో, ఎంత బొంగురుపోయిందో నాకు తెలియదు. ఎంత ముందుకు వంగినా తెలియలేదు. ఆ కొత్త పాటకైతే జ్ఞాపకం అడ్డురాదనిపించింది.

"ఇందాకటి కొత్త పాట నాకు నేర్పక్కా."

"నువ్వా? చిన్నప్పుడు కూర్చోమంటే పారిపోతివి కదరా!" అని నవ్వింది. మళ్లీ నా మొహం చూసి, నవ్వు ఆపి, హార్మోనియం దగ్గరికి లాక్కుంది.

ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నాలు అంగడి మా ఆవిడ చూసుకుంటుంది. మిషన్లు ఉండగానే అక్క ఒక్కో వరుసనూ మాటల్లో చెబుతుంది. వాటిని తీశాక అదే వరుస పాడుతుంది. పల్లవి కుదిరింది. చరణంలో పాట పైకి వెళ్లే చోట నాకు ఆమె పెదాలూ, మెడ మీద ఉబ్బిన నరమూ మాత్రమే కనిపిస్తాయి. గొంతు మళ్లీ కిందికి దిగేదాకా, చెక్క మీద చేయి తీయకుండా కూర్చుంటాను.